పందొమ్మిది లోపు

2025 ఫిబ్రవరి 2న కౌలాలంపూర్‌లో అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్ ఫైనల్ జరిగింది. దక్షిణాఫ్రికా 82 పరుగులకే ఆలౌట్. అందులో గొంగడి త్రిష లెగ్ స్పిన్‌కి పడినవి మూడు వికెట్లు, ఇచ్చింది 15 పరుగులు. తర్వాత ఓపెనర్‌గా దిగి 33 బంతుల్లో 44 నాటౌట్. ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ ఆమే, ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ కూడా ఆమే.

ఆ వారం మన పేపర్లు ఎక్కువగా రాసింది మాత్రం వాళ్ల నాన్న కథ. రామిరెడ్డి ఒకప్పుడు హాకీ ఆడినవాడు, భద్రాచలం ఐటీసీలో ఫిట్‌నెస్ ట్రైనర్. కూతురి ఆట కోసం జిమ్ము అమ్మేసి సికింద్రాబాద్ చేరాడు. కథ నిజమే, గొప్పదే. కానీ త్యాగం గురించి అంత రాసి, ఆ త్యాగం దేనికోసమో ఆ ఆట గురించి రెండు ముక్కలతో సరిపెట్టడం నాకు నచ్చలేదు. ఆమె కెరీర్‌ని స్కోర్‌కార్డుల్లోంచి చదివితే వేరే కథ కనిపిస్తుంది.

మొదటి కార్డు 2023 జనవరి 29, పోచెఫ్‌స్ట్రూమ్. అదీ ఫైనలే. ఇంగ్లండ్‌ని మనవాళ్లు 68కే కూల్చారు. చిన్న లక్ష్యమే కానీ 20 పరుగులకే ఓపెనర్లు షెఫాలీ, శ్వేత ఇద్దరూ అవుటయ్యారు. పదిహేడేళ్ల త్రిష 29 బంతుల్లో 24 కొట్టింది. తొందరపడకుండా, సౌమ్యా తివారీతో కలిసి మ్యాచ్‌ని ఒడ్డుదాకా లాక్కొచ్చిన ఇన్నింగ్స్ అది. ఆ రోజు ఆమె పని నిలబడటం.

రెండో కార్డు దాదాపు రెండేళ్ల తర్వాత, 2025 జనవరి 28, స్కాట్లాండ్ మీద. 59 బంతుల్లో 110 నాటౌట్. ఈ టోర్నీ చరిత్రలో అదే మొదటి సెంచరీ. అదే మ్యాచ్‌లో 6 పరుగులిచ్చి 3 వికెట్లు. టోర్నీ మొత్తం మీద 309 పరుగులు, 7 వికెట్లు. నిలబడటం నేర్చిన అమ్మాయి ఈ రెండేళ్లలో మ్యాచ్‌ని తన చేతుల్లోకి తీసుకోవడం నేర్చింది. నాన్న అమ్మిన జిమ్ము ఆమెని నెట్స్ దాకా తెచ్చింది. ఈ తేడా మాత్రం ఆమె సొంత కష్టం.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. మగపిల్లలకి అండర్-19 ప్రపంచకప్ 1988లోనే మొదలైంది. ఆడపిల్లలకి మొదటిది 2023లో, అంటే త్రిష ఆడిన ఆ టోర్నీయే. మధ్యలో 35 ఏళ్లు. సికింద్రాబాద్‌లో ఆట నేర్చిన మిథాలీ రాజ్‌కి అలాంటి మెట్టు లేదు. 1999లో పదహారేళ్లకే నేరుగా సీనియర్ జట్టులోకి వెళ్లి, ఐర్లండ్ మీద మొదటి వన్డేలోనే 114 నాటౌట్ కొట్టింది. మెట్టు లేనప్పుడు ఎగిరి అందుకున్న మిథాలీలే మనకి గుర్తుంటారు. ఎగరలేక ఆగిపోయినవాళ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు.

మెట్టు వచ్చాక కొత్త చిక్కు వచ్చింది: దాని మీదే ఉండిపోయే ప్రమాదం. జపాన్ ఫిగర్ స్కేటర్ మావో షిమాదాని చూడండి. 2023, 2024, 2025 వరుసగా మూడేళ్లు ప్రపంచ జూనియర్ చాంపియన్. అయినా 2026 ఒలింపిక్స్‌కి అర్హత లేదు. 2025 జులై 1 నాటికి 17 నిండాలన్నది రూలు. ఆమె పుట్టింది 2008 అక్టోబర్ 30న. నాలుగు నెలలు తక్కువ. మంచు మీద పిల్లల శరీరాల్ని కాపాడటానికి పెట్టిన రూలే అది, తప్పుపట్టలేం.

త్రిషది దీనికి తలకిందులు. షిమాదాకి పై తలుపు ఇంకా తెరుచుకోలేదు, త్రిషకి కింది తలుపు మూసుకుపోయింది. ఫైనల్ నాటికే ఆమెకి 19 నిండి నెలన్నర దాటింది. 2027లో వచ్చే తర్వాతి టోర్నీ ఆడలేదు. షిమాదా ఎదురుచూపుకి ఒక తేదీ ఉంది. త్రిష ఎదురుచూపుకి తేదీ లేదు, సెలెక్టర్లున్నారు. ప్రపంచకప్ గెలిచిన ఆ నెలలోనే మొదలైన డబ్ల్యూపీఎల్‌లో ఆమెకి జట్టు లేదు. తోటి ఓపెనర్ కమలినిని ముంబై అప్పటికే 1.6 కోట్లకి కొనుక్కుంది. 2026 సీజన్‌కి గానీ యూపీ వారియర్జ్ త్రిషని తీసుకోలేదు.

భద్రాచలం నుంచి హైదరాబాద్ వెళ్లే బస్సు ఖమ్మం దాటాక మా కుసుమంచి మీదుగానే సూర్యాపేటకి పోతుంది. నెట్స్, టర్ఫ్ వికెట్లు, కోచ్‌లు అన్నీ ఆ రోడ్డు చివరే ఉన్నాయి. ఈ దారిలో ప్రతి ఊళ్లోనూ బాగా ఆడే పిల్ల ఒకతి ఉంటుంది. అమ్మడానికి జిమ్మున్న ఇల్లు మాత్రం ప్రతి ఊళ్లో ఉండదు. ఉన్నవాళ్లయినా, పందొమ్మిది దాటాక ఏంటని అడుగుతారు. త్రిష సీనియర్ కెరీర్ ఎలా సాగుతుందన్నదే వాళ్లకి జవాబు. అందుకే ఫైనల్ రోజు చప్పట్లు కొట్టిన మనం, హైదరాబాద్ మహిళల జట్టు ఆడే మామూలు మ్యాచ్‌ల స్కోర్లు కూడా చూస్తూ ఉండాలి. అసలు పరీక్ష జరుగుతున్నది అక్కడే.