మహాద్వారం దాటగానే కుడివైపు

తెల్లారకముందే పెద్దమండ్యంలో బయల్దేరారు. మదనపల్లె, వాయల్పాడు, పీలేరు, భాకరాపేట ఘాటు, తిరుపతి, ఆపైన కొండ. ఇప్పుడు క్యూలో ఉన్నారు. కాళ్లకు చెప్పుల్లేవు, సెల్‌ఫోన్ ఎప్పుడో అప్పజెప్పేశారు. వెనకవాళ్లు ‘గోవిందా’ అంటూ తోసుకొస్తుంటే మహాద్వారం గడప దాటారు.

అందరి చూపూ ముందుకే. మీరు కుడివైపు తల తిప్పండి.

ఎత్తైన మంటపం. మసక వెలుతురులో ముగ్గురు నిలబడి ఉన్నారు. నడుమ ఉన్నాయన నెత్తిన పొడవాటి కుళ్ళాయి. చేతులు జోడించి ఉన్నాయి. చేతిలో కత్తి లేదు, కింద సింహాసనం లేదు. అటూ ఇటూ ఆయన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి, వాళ్లవీ జోడించిన చేతులే. శ్రీకృష్ణదేవరాయలు. 1513 నుంచి 1521 దాకా ఏడుసార్లు ఈ కొండెక్కినవాడు, తన కాలంలోనే తన రూపాన్ని లోహంలో చేయించి స్వామి వాకిట నిలబెట్టుకున్నాడు.

‘జరగండి, జరగండి’ అంటున్నారు. ఒక్క క్షణం ఆగండి.

రాయలంటే మన కళ్లముందు మెదిలేది ఎన్టీఆర్ ముఖం. ‘తెనాలి రామకృష్ణ’ 1956లో, ‘మహామంత్రి తిమ్మరుసు’ 1962లో వచ్చాయి. ఆ ఠీవి మరిచిపోలేం. మిగతా చోట్లా పాత రాజుల్ని ఇలాగే ఊహించుకున్నారు. ఇంగ్లండు రాజు రిచర్డ్ 1199లో పోతే, ఫ్రెంచి చిత్రకారుడు బ్లాండెల్ 1841లో వెర్సాయ్ ప్యాలెస్ కోసం ఆయన నిలువెత్తు బొమ్మ గీశాడు. ఆరువందల ఏళ్ల తర్వాత గీసినది ఊహ కాక మరేమవుతుంది?

మనకు ఆ లోటు లేదు. రాయల్ని కళ్లారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ రాసిపెట్టాడు: మధ్యస్థమైన ఎత్తు, మంచి ఛాయ, కాస్త ఒళ్లున్న మనిషి, ముఖం మీద స్ఫోటకం మచ్చలు. జరీ టోపీ, ఉత్త కాళ్లు. ఆ మాటల పక్కన పెట్టి చూసుకోవడానికి ఈ ప్రతిమ ఉంది. నాకు సినిమా రాయలకన్నా ఈ దణ్ణం పెడుతున్న రాయలే గొప్పగా కనిపిస్తాడు.

ఎడమవైపు రాయల తమ్ముడు అచ్యుతరాయలు, ఆయన రాణి వరదాజమ్మ రాతిలో ఉన్నారు. వాళ్లను చూసేలోపే క్యూ మిమ్మల్ని లోపలికి లాక్కుపోతుంది.

ఇక్కడ ఫొటో తీయనివ్వరు. ఈసారి కొండకెళ్తే పిల్లల్ని ఎత్తుకుని అయినా సరే, రాయల్ని చూపించండి.