మాంసపు ఉష్ణమాపకం

మాంసపు ఉష్ణమాపకం (మీట్ థర్మామీటరు) అనేది వండుతున్న మాంసం లోపలి భాగంలోని ఉష్ణోగ్రతను కొలిచే వంటింటి పరికరం. సన్నని లోహపు ఊచ, దాని పై కొనన ముల్లుతో కూడిన చక్రం గాని, అంకెలు చూపే చిన్న తెర గాని దీనిలోని ముఖ్య భాగాలు. ఓవెన్‌లో కాల్చే కోడి, టర్కీ కోడి, మేక లేదా గొర్రె తొడ వంటి పెద్ద ముక్కలు లోపలిదాకా ఉడికాయో లేదో తెలుసుకోవడానికి దీనిని వాడతారు. ఇది రెండు విధాలుగా ఉపయోగపడుతుంది. మాంసంలోని హానికర సూక్ష్మజీవులు నశించాయని నిర్ధారిస్తుంది, అవసరానికి మించి కాలి మాంసం ఎండిపోకుండా కాపాడుతుంది.

ఆవశ్యకత

ఓవెన్ ఉష్ణోగ్రత, మాంసం ఉష్ణోగ్రత ఒకటి కావు. ఓవెన్‌ను 180 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచినా, గంట గడిచిన తర్వాత కూడా లోపలి మాంసం 60 డిగ్రీల దగ్గరే ఉండవచ్చు. వేడి పైపొర నుండి మధ్యకు నెమ్మదిగా ప్రసరించడం, మాంసంలోని తేమ ఆవిరయ్యేటప్పుడు కొంత వేడిని తీసుకుపోవడం ఇందుకు కారణాలు. "కిలోకు ఇన్ని నిమిషాలు" అనే లెక్క కూడా అన్ని వేళలా సరిపోదు. ముక్క మందం, ఆకారం, ఎముక ఉందా లేదా, ఫ్రిజ్ నుండి తీసి ఎంతసేపైంది అనే అంశాలను బట్టి కాలం మారుతుంది. పైగా ఇళ్ళలోని ఓవెన్‌లలో తాపనియంత్రకం వేడిని ఆపుతూ, మళ్ళీ మొదలుపెడుతూ ఉంటుంది కాబట్టి ఓవెన్ ఉష్ణోగ్రత స్థిరంగా ఉండదు.

రంగును చూసి నిర్ణయించడం ఇంకా ప్రమాదకరం. మాంసం ఎర్రగా కనిపించడానికి కారణమైన మయోగ్లోబిన్ అనే ప్రోటీను ఒక్కొక్కసారి సురక్షిత ఉష్ణోగ్రత రాకముందే గోధుమ రంగుకు మారిపోతుంది. మరికొన్నిసార్లు పూర్తిగా ఉడికిన తర్వాత కూడా గులాబి రంగులోనే ఉంటుంది. కీమా మాంసంతో చేసే హాంబర్గర్లలో నాలుగింట ఒకటి తగినంత ఉడకకముందే మధ్యలో గోధుమ రంగుకు మారుతుందని అమెరికా వ్యవసాయ శాఖ హెచ్చరిస్తుంది. గుచ్చినప్పుడు కారే రసం తేటగా ఉందా లేదా అన్నది కూడా నమ్మదగిన గుర్తు కాదు.

1992 చివర, 1993 మొదట్లో అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో సరిగా ఉడకని హాంబర్గర్ల వలన ఇ.కోలి ఓ157:హెచ్7 అనే బాక్టీరియా వ్యాపించి 700 మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు మరణించారు. ఈ బాక్టీరియా విడుదల చేసే విషం చిన్నపిల్లలలో మూత్రపిండాలను దెబ్బతీయగలదు. ఇంటి వంటలో కూడా ఉష్ణమాపకం వాడాలన్న ప్రచారం ఆ తర్వాతి కాలంలో ఊపందుకుంది. 2000లో అమెరికా వ్యవసాయ శాఖ ఇందుకోసం "థర్మీ" అనే ఉష్ణమాపకం బొమ్మతో ఒక ప్రచారాన్ని ప్రారంభించింది.

తెలుగువారి వంటల్లో మాంసాన్ని ఎక్కువగా పులుసుగానో కూరగానో నీటిలో ఉడికిస్తారు. మరిగే నీరు 100 డిగ్రీల వద్ద, ప్రెషర్ కుక్కరు సుమారు 120 డిగ్రీల వద్ద ఉంటాయి. చిన్న ముక్కలు ఆ వేడిలో మెత్తబడే సమయానికి సురక్షిత ఉష్ణోగ్రతను ఎప్పుడో దాటిపోతాయి. అందువలన మన వంటింట్లో ఈ పరికరం అవసరం కలగలేదు. ఇంటి ఓవెన్‌లో కోడిని ముక్కలు చేయకుండా పొడి వేడిలో కాల్చేటప్పుడు ఈ రక్షణ ఉండదు. పై చర్మం ఎర్రగా వేగి కనిపించినా తొడ కీలు దగ్గర మాంసం పచ్చిగా ఉండే అవకాశం ఉంది.

సురక్షిత ఉష్ణోగ్రతలు

అమెరికా వ్యవసాయ శాఖ సూచించే కనీస అంతర్గత ఉష్ణోగ్రతలు ఇవి:

* కోడి, టర్కీ, బాతు (మొత్తం పక్షి, ముక్కలు, కీమా): 74 డిగ్రీల సెల్సియస్ (165 డిగ్రీల ఫారెన్‌హీట్)
* మేక, గొర్రె, పశు, పంది మాంసపు కీమా: 71 డిగ్రీలు (160 ఫా.)
* మేక, గొర్రె, పశు, పంది మాంసపు పెద్ద ముక్కలు: 63 డిగ్రీలు (145 ఫా.), దించిన తర్వాత కనీసం 3 నిమిషాల విరామం
* చేప: 63 డిగ్రీలు (145 ఫా.)

పంది మాంసపు ముక్కలకు ఇదివరలో 71 డిగ్రీలు సూచించేవారు. 2011లో దానిని 63 డిగ్రీలకు తగ్గించారు. ఈ అంకెలు అన్ని దేశాలలోనూ ఒకేలా లేవు. బ్రిటన్‌లో మాంసం మధ్యభాగం 70 డిగ్రీల వద్ద 2 నిమిషాలు ఉండాలని చెబుతారు. కెనడాలో ముక్కలు చేయని కోడికి 82 డిగ్రీలు సూచిస్తారు.

సూక్ష్మజీవులు నశించడం ఉష్ణోగ్రతతో పాటు కాలం మీద కూడా ఆధారపడి ఉంటుంది. కోడిమాంసంలోని సాల్మొనెల్లా 74 డిగ్రీల వద్ద దాదాపు తక్షణమే నశిస్తుంది. 63 డిగ్రీల వద్ద అదే ఫలితానికి 8 నిమిషాలకు పైగా పడుతుంది. కీమాకు ఎక్కువ ఉష్ణోగ్రత చెప్పడానికి కారణం వేరు. కోయని ముక్కలో బాక్టీరియా ఎక్కువగా పైపొర మీదనే ఉంటుంది. కీమా కొట్టినప్పుడు పైనున్నది లోపలికంతా కలిసిపోతుంది.

సురక్షితం కావడం, మెత్తబడడం వేరువేరు విషయాలు. భుజం వంటి గట్టి భాగాలలో ఉండే కొల్లాజెన్ కరిగి జిగురుగా మారాలంటే చాలాసేపు ఉడకాలి. అటువంటి ముక్కలను తరచు 90 డిగ్రీలు దాటేవరకు ఉంచుతారు. కోడి రొమ్ము మాంసంలో కొల్లాజెన్ తక్కువ కాబట్టి 74 డిగ్రీలు దాటినకొద్దీ అది పిడచకట్టి ఎండిపోతుంది.

రకాలు

చక్రపు ఉష్ణమాపకం: దీని ఊచలో రెండు వేరువేరు లోహాలను అతికించి చుట్టిన తీగచుట్ట ఉంటుంది. వేడికి రెండు లోహాలు వేరువేరుగా వ్యాకోచించడం వలన చుట్ట మెలితిరిగి చక్రంపై ముల్లును కదుపుతుంది. ఈ చుట్ట సుమారు 5 నుండి 6 సెంటీమీటర్ల పొడవున వ్యాపించి ఉంటుంది కాబట్టి అంత లోతు గుచ్చితేగాని సరైన కొలత రాదు. చూపించే అంకె ఆ పొడవు అంతటి సగటు. వీటిలో ఓవెన్‌లోనే ఉంచదగినవి ఉన్నాయి. వాటికి 1 నుండి 2 నిమిషాలు పడుతుంది. ఓవెన్‌లో ఉంచకుండా బయట గుచ్చి చూసేవి 15 నుండి 20 సెకన్లలో కొలత చూపుతాయి. బ్యాటరీ అవసరం లేకపోవడం ఈ రెండింటికీ ఉన్న సౌలభ్యం.

థర్మిస్టరు ఉష్ణమాపకం: వేడి పెరిగినకొద్దీ విద్యుత్ నిరోధం తగ్గే చిన్న పదార్థం ఊచ కొనలో ఉంటుంది. సుమారు 10 సెకన్లలో అంకెలలో కొలత చూపుతుంది. ఊచ కొన ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు దిగితే చాలు కాబట్టి పలుచని ముక్కలకు కూడా పనికివస్తుంది.

థర్మోకపుల్ ఉష్ణమాపకం: రెండు వేరువేరు లోహపు తీగల అతుకు వద్ద ఉష్ణోగ్రతా భేదం వలన పుట్టే విద్యుత్ పీడనాన్ని ఇది కొలుస్తుంది. ఈ ధర్మాన్ని థామస్ సీబెక్ 1821లో గుర్తించాడు. ఇది 2 నుండి 5 సెకన్లలో కొలత చూపుతుంది. అన్నిటికంటే వేగవంతమైనది, సాధారణంగా ఖరీదైనది.

తీగతో కూడిన ఊచ: ఊచ మాంసంలో, తెర ఓవెన్ బయట ఉంటాయి. రెండింటినీ వేడిని తట్టుకునే తీగ కలుపుతుంది. కోరుకున్న ఉష్ణోగ్రత రాగానే గంట మోగుతుంది. తలుపు తెరవనవసరం లేదు.

తీగలేని ఊచ: బ్యాటరీ, ప్రసారిణి ఊచలోనే ఇమిడి ఉంటాయి. కొలత చరవాణికి చేరుతుంది. ఓవెన్ లోహపు గోడలు సంకేతాన్ని బలహీనపరచగలవు. మాంసంలో గుచ్చే కొన సుమారు 100 డిగ్రీలకు మించి తట్టుకోనివి ఎక్కువ కాబట్టి ఊచను గీత గుర్తువరకు పూర్తిగా గుచ్చాలి.

పైకి లేచే సూచిక: అమెరికాలో టర్కీ కోళ్ళకు ముందుగానే గుచ్చి అమ్ముతారు. నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద లోపలి పదార్థం కరిగి స్ప్రింగు విడుదలై సూచిక పైకి లేస్తుంది. ఇది ఒక్క చోటి స్థితినే తెలుపుతుంది కాబట్టి మరికొన్ని చోట్ల మామూలు ఉష్ణమాపకంతో చూడాలి.

ఎంపిక

ఎంపికలో మొదటి ప్రశ్న ఏమి వండుతారన్నది. ముక్కలు, కబాబులు, చేప వంటి పలుచనివి ఎక్కువగా వండేవారికి చక్రపు ఉష్ణమాపకం సరిపడదు. ఊచ లోతుగా దిగే వీలుండదు. వారికి థర్మిస్టరు లేదా థర్మోకపుల్ రకం అవసరం. మొత్తం కోడిని లేదా తొడను గంటల తరబడి కాల్చేవారికి తీగతో కూడిన ఊచ అనుకూలం. మాటిమాటికి తలుపు తెరిస్తే ఓవెన్ వేడి తగ్గి వంట ఆలస్యమవుతుంది. ఒకటే కొనదలచినవారికి సన్నని కొన గల అంకెల ఉష్ణమాపకం ఎక్కువ పనులకు ఉపయోగపడుతుంది. ఎన్ని చోట్లైనా వెంటవెంటనే చూడగలగడం దీని బలం. ఓవెన్‌లో ఉంచిన ఊచ ఒక్క చోటునే చూపుతుంది.

కొనేముందు గమనించవలసిన ఇతర అంశాలు:

* ఓవెన్‌లో ఉంచదగినదా కాదా అన్నది పెట్టె మీద చూడాలి. అంకెలు చూపే చాలా రకాల ప్లాస్టిక్ తల ఓవెన్‌లో కరిగిపోతుంది.
* తీగ, ఊచ ఎంత వేడిని తట్టుకుంటాయో చూడాలి. ఇది ఓవెన్ అత్యధిక ఉష్ణోగ్రత కంటే ఎక్కువ ఉండాలి.
* కొలతలో దోషం ప్లస్ లేక మైనస్ 1 డిగ్రీ లోపు ఉంటే మంచిది.
* కడగడానికి వీలుగా నీటిని తట్టుకునేదై ఉండాలి.
* సెల్సియస్, ఫారెన్‌హీట్ రెండూ చూపగలిగితే అన్ని దేశాల వంట పుస్తకాలతోనూ వాడుకోవచ్చు.

జ్వరం చూసే థర్మామీటరు సుమారు 42 డిగ్రీల వరకే కొలుస్తుంది కాబట్టి వంటకు పనికిరాదు. పరారుణ కిరణాలతో దూరం నుండి చూసే తుపాకి రకం ఉపరితలపు వేడినే కొలుస్తుంది. లోపలి సంగతి తెలుపదు. పాదరసపు గాజు గొట్టాన్ని ఆహారంలో ఎన్నడూ ఉంచరాదు. పగిలితే పాదరసం విషం.

వాడే పద్ధతి

ఊచ కొనను మాంసపు అతి మందమైన భాగం మధ్యకు గుచ్చాలి. ఎముకకు, కొవ్వుకు, పళ్ళానికి తగలకూడదు. తగిలితే కొలత తప్పుతుంది. మొత్తం కోడిలో తొడ లోపలి భాగం, రెక్క లోపలి భాగం, రొమ్ములో మందమైన చోటు మూడింటినీ చూడాలి. వీటిలో అతి తక్కువ అంకెనే ప్రమాణంగా తీసుకోవాలి. పలుచని ముక్కలకు పై నుండి కాక పక్క నుండి గుచ్చాలి. వంట పూర్తవుతుందనుకున్న సమయానికి కొంత ముందే చూడడం మొదలుపెట్టాలి. ఓవెన్‌ను 163 డిగ్రీల (325 ఫా.) కంటే తక్కువ వేడిలో ఉంచి మాంసం కాల్చరాదని అమెరికా వ్యవసాయ శాఖ సలహా.

ఓవెన్ నుండి తీసిన తర్వాత కూడా పై పొరలలోని వేడి లోపలికి ప్రసరిస్తూనే ఉంటుంది. పెద్ద ముక్కలలో ఉష్ణోగ్రత మరి 3 నుండి 5 డిగ్రీలు పెరగవచ్చు. అయితే ఈ పెరుగుదలను నమ్మి కోడిని ముందుగా దించేవారు విరామం తర్వాత మళ్ళీ కొలిచి నిర్ధారించుకోవాలి.

పచ్చి మాంసానికి తగిలిన ఊచను కడగకుండా ఉడికిన మాంసంలో గుచ్చితే సూక్ష్మజీవులు తిరిగి చేరుతాయి. ప్రతిసారీ సబ్బు, వేడినీటితో కడగాలి.

సరిచూడడం

ఖరీదైన ఉష్ణమాపకం కూడా కాలక్రమేణా తప్పు చూపవచ్చు. దీనిని ఇంట్లోనే రెండు విధాలుగా సరిచూడవచ్చు.

మంచునీటి పద్ధతి: గ్లాసు నిండా పొడిచేసిన మంచుగడ్డలు వేసి, ఖాళీలు నిండేవరకు చల్లని నీరు పోసి కలపాలి. ఊచను గ్లాసు గోడలకు, అడుగుకు తగలకుండా 5 సెంటీమీటర్ల లోతున 30 సెకన్లు ఉంచాలి. 0 డిగ్రీలు (32 ఫా.) చూపాలి.

మరిగే నీటి పద్ధతి: సముద్రమట్టం వద్ద ఉన్న విశాఖపట్నం, కాకినాడ వంటి ఊళ్ళలో మరిగే నీటిలో 100 డిగ్రీలు చూపాలి. ఎత్తు పెరిగినకొద్దీ గాలి పీడనం తగ్గి, సుమారు ప్రతి 300 మీటర్లకు మరుగు స్థానం 1 డిగ్రీ చొప్పున తగ్గుతుంది. అర కిలోమీటరుకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాదులో సుమారు 98 డిగ్రీలు చూపితే పరికరంలో లోపం లేనట్లే. మంచునీటి పద్ధతిలో ఎత్తు ప్రభావం లెక్కించదగినంత ఉండదు కాబట్టి అదే సులభం.

చక్రపు రకాలలో చాలావాటికి చక్రం కింద ఒక నట్టు ఉంటుంది. దానిని తిప్పి ముల్లును సరిచేయవచ్చు. అంకెల రకాలలో కొన్నింటికి సరిచేసే మీట ఉంటుంది. ఆ వీలు లేనప్పుడు తేడాను గుర్తుంచుకుని కూడుకోవాలి లేదా తీసివేయాలి. మంచునీటిలో 2 డిగ్రీలు చూపే పరికరం కోడిమాంసంలో 74 చూపినప్పుడు అసలు ఉష్ణోగ్రత 72 మాత్రమే. అప్పుడు 76 చూపేవరకు ఆగాలి. కింద పడినప్పుడు, బ్యాటరీ మార్చినప్పుడు తప్పక సరిచూడాలి.

ఇవి కూడా చూడండి

* ఉష్ణమాపకం
* ఓవెన్
* సాల్మొనెల్లా
* ప్రెషర్ కుక్కరు
* ఆహార భద్రత