బఫర్ (జీఐఎస్)

పటంలోని ఒక బిందువు, గీత లేదా బహుభుజి చుట్టూ నిర్ణీత దూరంలో గీసే హద్దును జీఐఎస్‌లో (భౌగోళిక సమాచార వ్యవస్థలో) బఫర్ అంటారు. బావి చుట్టూ గీస్తే గుండ్రంగా, రోడ్డు వెంట గీస్తే పట్టీలా, చెరువు చుట్టూ గీస్తే గట్టు వంపుల్ని కాస్త నునుపు చేసినట్టుగా వస్తుంది. బహుభుజికి మైనస్ సంఖ్య ఇస్తే హద్దు లోపలికి జరుగుతుంది.

గుండ్రమన్నది కంటికి మాత్రమే. క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ మామూలుగా పావు వృత్తానికి 5 గీతల చొప్పున 20 భుజాల ఆకారం గీస్తుంది. దాని వైశాల్యం అసలు వృత్తం కన్నా సుమారు 1.6 శాతం తక్కువ. ఈ గీతల (సెగ్మెంట్ల) సంఖ్య పెంచితే తేడా తగ్గుతుంది.

కొత్తవారు తడబడేది కొలమానం దగ్గర. పటం పొర (లేయర్) అక్షాంశ రేఖాంశాల్లో ఉండగా 500 అని కొడితే సాఫ్ట్‌వేర్ దాన్ని మీటర్లుగా కాక డిగ్రీలుగా తీసుకుంటుంది. ఒక్క డిగ్రీ అక్షాంశమే దాదాపు 111 కిలోమీటర్లు మరి! అందుకే ముందు పొరను మీటర్లలో కొలిచే ప్రక్షేపణలోకి మార్చాలి. హైదరాబాద్‌కైతే యూటీఎం 44వ ఉత్తర జోన్ సరిపోతుంది.

అక్కడి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 10 కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో వచ్చిన 111 జీవో సారం ఇలాంటి బఫరే. జలాశయాలు రెండూ దగ్గర దగ్గరే కాబట్టి వాటి బఫర్లు ఒకదానిపై ఒకటి పడతాయి. డిజాల్వ్ ఎంచుకుంటే కలిసి ఒకే ఆకారమవుతాయి. లేకుంటే ఉమ్మడి నేల వైశాల్యం రెండుసార్లు లెక్కలోకొస్తుంది.

దూరంతో పనిలేకుండా చెదురుమదురు బిందువులన్నిటినీ చుట్టేసే హద్దు కావాలంటే వాడేది కాన్వెక్స్ హల్: మేకుల చుట్టూ రబ్బరు బ్యాండు బిగించినట్టు.