మొదలు పోయిన మర్రి

హౌరాలోని శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌లో మహామర్రి కింద ఎంత తిరిగినా దాని మొదలు దొరకదు. మొదలు పోయి నూరేళ్లు. ఇప్పుడు ఊడలే చెట్టు.

ఆ తోటను 1787లో వేశారు. మన సామర్లకోటలో మొక్కలు పెంచిన రాక్స్‌బర్గ్ దొర 1793లో అక్కడికి అధికారిగా వెళ్లాడు. మొదలుతో ఉన్న మర్రిని ఆయన చూసే ఉంటాడు. 1864లో ఒక తుపాను, మూడేళ్ల తర్వాత 1867లో ఇంకొకటి. పెద్ద కొమ్మలు విరిగిపోయాయి. అంత బరువైన కొమ్మ విరిగితే ఊరికే పడదు, బెరడును ఒలుచుకుంటూ దిగుతుంది. లోపలి చెక్క బయటపడి బూజు పట్టింది. గాలివాన ఒక్క రోజులో తేలిపోయింది గానీ, బూజు మాత్రం యాభై ఏళ్లకు పైగా ఆ మానును తొలుచుకుంటూ పోయింది. 15.7 మీటర్ల చుట్టుకొలత ఉన్న మొదలు పుచ్చిపోయి, 1925లో తీసేయక తప్పలేదు. ఇంటిపెద్ద పోయాక పిల్లలు కాపురం నిలబెట్టినట్టు, ఊడలు ఆ పందిరిని మోస్తున్నాయి.

తుపానును ఏమంటాం? నా ఏడుపల్లా, అదే గాయాన్ని మన వీధుల్లో చైన్‌సాతో చేస్తున్నందుకే. కరెంటు తీగలకు అడ్డమని పైనుంచి ఒకే కోత పెడతారు. సగం తెగేసరికి కొమ్మ ఒరిగి, అడుగునున్న బెరడును మాను దాకా చీల్చేస్తుంది. కోసేవాడు నిచ్చెన మీదుంటే వాడి ప్రాణానికీ భరోసా లేదు.

పని తెలిసినవాడు మానుకు అడుగు, అడుగున్నర దూరంలో ముందు కొమ్మ కింద గాటు పెడతాడు. మూడోవంతు మందానికి మించనివ్వడు, లోతుకు పోతే కొమ్మ బరువుకు రంపం ఇరుక్కుపోతుంది. ఆ గాటుకు కాస్త అవతలగా పైనుంచి రెండో కోత. కొమ్మ తెగి పడుతుంది, చీలిక గాటు దగ్గరే ఆగుతుంది. మిగిలిన మోడును చివరి కోతతో తీసేస్తాడు, అదీ కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మెడ తెగకుండా. మానుకు ఒరుసుకునేలా నున్నగా కోస్తే చూపుకు బాగుంటుంది, చెట్టుకు చేటు. చైన్‌సాతో వేల చెట్లను నిలువునా కోసి చూసిన అమెరికా శాస్త్రవేత్త అలెక్స్ షైగో తేల్చిందీ అదే: చెట్టు పాడైన చెక్కను బాగుచేసుకోలేదు, చుట్టూ గోడ కట్టి మూసేసుకుంటుంది. ఆ గోడ లేచే చోటు ఆ మెడే. కోసిన చోట తారు పూసినా ఒరిగేదేమీ లేదు.

ఈ వానాకాలానికి ముందు మీ వీధిలోకి చైన్‌సా వస్తే బయటికొచ్చి చూడండి. కొమ్మ కింద గాటు పడకుండానే పైన రంపం పెడుతుంటే, దయచేసి ఆపించండి.