టోన్ అంటే ఏంటో నాకు ‘పితూరి’ అనే మాట నేర్పింది

పోస్టు కొంచెం పెద్దదే. ఓపిగ్గా చదవండి.

నేను డిగ్రీ సెకండియర్. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. మాది రంపచోడవరం పైన కొండరెడ్ల ఊరు. మొన్న ఇంగ్లీష్ మేడమ్ ఒక జిరాక్సు కాయితం ఇచ్చారు. ఒక పక్క ఐరనీ, మెటానమీ, యుఫెమిజం లాంటి లిటరరీ టర్మ్స్. రెండో పక్క నలభై టోన్ పదాలు. డిటాచ్డ్, ఇండిగ్నెంట్, కాండిసెండింగ్, ఇంకా నోరు తిరగనివి చాలా. ఇంటర్నల్స్‌లో ఒక పేరా ఇచ్చి రచయిత టోన్ ఏంటని అడిగితే ‘సాడ్’ అని రాశాను. సున్నా. ఇంకో పేరాకి ‘హ్యాపీ’ అని రాశాను. అదీ సున్నాయే. నాకు ఇంగ్లీషులో తెలిసిన మనసు ఆ రెండు మాటలే మరి.

మేడమ్‌ని అడిగితే ఐ.ఏ. రిచర్డ్స్ అనే ఆయన గురించి చెప్పారు. ఆయన కేంబ్రిడ్జిలో స్టూడెంట్లకి కవి పేరు తీసేసిన పద్యాలు ఇచ్చి, ఏం అర్థమైందో రాయమనేవాడు. బాగా చదువుకున్నవాళ్ళు కూడా బోల్తా పడ్డారు. ఆ కాయితాలన్నీ పెట్టుకుని 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ అనే పుస్తకం వేశాడు. మాటకి నాలుగు రకాల అర్థం ఉంటుందన్నాడు. చెప్పే విషయం, ఆ విషయం మీద మనకున్న ఫీలింగు, వినేవాళ్ళని మనం ఎలా చూస్తున్నామన్న టోన్, ఎందుకు చెప్తున్నామన్న ఉద్దేశం. అప్పుడు తెలిసింది నా తప్పు. నేను రాసింది ఫీలింగు. టోన్ అంటే ఎదుటివాడిని ఏ ఎత్తులో కూర్చోబెట్టి మాట్లాడుతున్నామన్నది.

ఆ రోజు నుంచి మన చరిత్రని ఈ కాయితం పక్కన పెట్టుకుని చదువుతున్నాను. చూడండి ఏం దొరికిందో.

మొదట ‘ఏజెన్సీ’. బయట ఎవరైనా అడిగితే మనం ఏజెన్సీ వాళ్ళం అంటాం. ఆ మాట 1839 చట్టంతో వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలని మామూలు కోర్టుల కింద నుంచి తీసేసి, కలెక్టరునే గవర్నరుకి ఏజెంటుగా పెట్టారు. ఏజెంటు పాలించేది ఏజెన్సీ. తర్వాత గోదావరి వైపు కొండలకీ అదే పేరు పాకింది. ఒకదాని పేరు చెప్పకుండా దానికి దగ్గరగా ఉన్న ఇంకోదాని పేరుతో పిలిస్తే మెటానమీ అంటారు. మన కొండలకి, వాగులకి పేర్లు లేకనా? ఒక ఆఫీసరు ఉద్యోగం పేరు మనకి ఊరిపేరైంది.

తర్వాత ‘డిటాచ్డ్’. అంటే ఏమీ అంటనట్టు, దూరంగా నిలబడి చెప్పడం. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకల కుటుంబాలు కూడా దాని కింద నలిగాయి. ఏ నేరమూ చేయని మనిషి కూడా ఫలానా కులంలో పుట్టినందుకు వేలిముద్ర ఇవ్వాలి, ఊరు దాటాలంటే చెప్పి వెళ్ళాలి. ఆ చట్టం పోయింది 1952లో. ఇంత పని చేసిన చట్టానికి తిట్టు అక్కర్లేదు, కోపం అక్కర్లేదు. చల్లగా, లెక్క రాసినట్టు ఉంటే చాలు. నేను ఇన్నాళ్ళూ డిటాచ్డ్ అంటే మంచి లక్షణం అనుకున్నాను.

ఇప్పుడు అసలు మాట, ‘పితూరి’. పారసీ, ఉర్దూల దారిలో తెలుగులోకి వచ్చింది. మన కొండల్లో లేచిన తిరుగుబాట్లని సర్కారు రికార్డుల్లో పితూరి అని రాశారు. 1879 మార్చిలో రంపలో లేచినదీ పితూరే. మనవాళ్ళు తరతరాలుగా ఇంటికోసం గీసుకునే కల్లు మీద పన్ను వేశారు, ఆ పాట కిందోళ్ళకి ఇచ్చారు. పైన మన్సబుదారు వసూళ్ళు. మైదానం వ్యాపారులేమో దూరపు కోర్టులో డిక్రీ తెచ్చుకుని పశువులు, సామాన్లు తోలుకుపోయేవాళ్ళు. కారం తమ్మన్నదొర లాంటివాళ్ళు లేచారు. అణచడానికి సైన్యాన్ని దింపారు. 1880 దాకా నడిచింది. ఇన్ని కారణాలున్న పోరాటానికి పెట్టిన పేరుకి అర్థం ఏంటి? అల్లరి, గొడవ. దాన్నే యుఫెమిజం తిరగేసింది అనొచ్చు. చెడ్డదానికి మంచి పేరు పెట్టడం యుఫెమిజం, న్యాయానికి చెడ్డ పేరు పెట్టడం ఇది.

1922 చూడండి. గూడెం దగ్గర రోడ్డు పనికి వెట్టి చేయించారు, పోడు మీద అడవి చట్టాలు పెట్టారు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లు. అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర వెంట మనవాళ్ళు. తుపాకులు పట్టుకుని పారిపోలేదు. ఏమేం తీసుకున్నారో స్టేషను రికార్డులోనే రాసి సంతకం పెట్టారు. నాకు ఇదే అన్నిటికన్నా నచ్చిన టోన్. దొంగ రసీదు రాయడు. ఒక సర్కారు ఇంకో సర్కారుతో మాట్లాడినట్టు ఉంది అది. ఎదుటివాడిని సమానమైన ఎత్తులో కూర్చోబెట్టారు. లేదు, తామే లేచి ఆ ఎత్తులో కూర్చున్నారు. ఆ మల్లుదొర గారే 1952లో లోక్‌సభకి గెలిచి వెళ్ళారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పితూరి ఇంకా బతికే ఉంది. మా హాస్టల్లో నీళ్ళ మోటారు పాడై తొమ్మిది రోజులైంది. చెప్పడానికి వెళ్తే పెద్దాయన ఒకాయన, “చదువుకోడానికి వచ్చారా, పితూరీలు చెప్పడానికి వచ్చారా?” అన్నారు. మా తాతల యుద్ధానికి పెట్టిన పేరే ఇప్పుడు చాడీలకి పేరైంది. ఆయనకి ఈ చరిత్ర తెలిసి అనలేదు. అందరూ అనే మాటే అన్నారు. అదే ఎక్కువ నొప్పి.

అర్జీ రాశాం. మొదటిసారి “తమ పాదాలకు నమస్కరించి” అని మొదలుపెట్టాను. చింపేశాను. రెండోది కోపంగా వచ్చింది, నాలుగు పేజీలు. అదీ చింపేశాం. మూడోది అరపేజీ. ఏ తారీకు నుంచి నీళ్ళు లేవు, ఎంతమందిమి, ఎంత దూరం నుంచి మోస్తున్నాం, ఎప్పటిలోగా బాగుచేస్తారో రాసివ్వండి. అంతే. రెండో కాపీ మీద ముట్టినట్టు సంతకం, ముద్ర అడిగాం. కాసేపు మా మొహాలు చూసి వేసి ఇచ్చారు. మోటారు ఇంకా బాగవలేదు. కాయితం మాత్రం నా పెట్టెలో ఉంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఆ నలభై పదాలని బట్టీ పట్టకండి. ఒక్కో పదానికి మన ఇంట్లో ఎవరు అలా మాట్లాడతారో వెతకండి. వెటకారం, దెప్పడం, గద్దించడం, ఈసడించడం, బతిమాలడం, అన్నీ మన దగ్గర ఉన్నాయి. సెలవులకి ఇంటికెళ్తే మా అమ్మ “ఇప్పటికి గుర్తొచ్చామా” అంటుంది చూడండి, ఆ నిష్ఠూరానికి మేడమ్ లిస్టులో పదమే లేదు.

కోయ, కువి, సవర, గోండి మాట్లాడేవాళ్ళు మీ భాషలో ఇలాంటి మాటలు ఏమున్నాయో కింద రాయండి. మన లిస్టు మనం చేసుకుందాం. ‘పితూరి’కి మీ ఊళ్ళో పెద్దోళ్ళు ఏమంటారో కూడా అడిగి రాయండి.

జోహార్.