750కి 282

1907లో బొంబాయిలో ఒక కుర్రాడు మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. మార్కులు 750కి 282. నూటికి ముప్ఫయ్యెనిమిది కూడా నిండలేదు. 1990లో మండల్‌కి వ్యతిరేకంగా ‘మెరిట్’ అని వీధికెక్కినవాళ్ల లెక్కలో ఈ కుర్రాడు ఎందుకూ పనికిరాడు. అతను భీమ్‌రావ్ అంబేద్కర్. మహర్ కులంలో ఆ పరీక్ష గట్టెక్కడమే అరుదు గనుక సభ పెట్టి సన్మానించారు. ఆరేళ్లకు కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరాడు.

మరి ఆ 282 దేన్ని కొలిచినట్టు? సంస్కృతం చదువుతానంటే కుదరదన్నారు, పారశీకం తీసుకున్నాడు. పంతులు నల్లబల్ల దగ్గరికి పిలిస్తే, బల్ల వెనక పెట్టుకున్న తిండి డబ్బాలు మైలపడతాయని తోటి పిల్లలు ఉరికి తీసేసుకున్నారు. ఇంటికొస్తే పరేల్‌లో కుటుంబమంతటికీ ఒకటే గది. ఇవేవీ ఆ అంకెలో కనపడవు.

ఒక్క పూట పరీక్షతో పిల్లల వెల కట్టే బుద్ధి పాతదే. 1862లో ఇంగ్లండులో రాబర్ట్ లో ‘ఫలితాన్ని బట్టి గ్రాంటు’ పద్ధతి తెచ్చాడు. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వచ్చి చదవడం, రాయడం, లెక్కలు చూసేవాడు. పాసైన పిల్లల లెక్కన బడికి డబ్బు. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అది నడిచింది. అట్లాంటప్పుడు కూలి రోజుల్లో బడి ఎగ్గొట్టే పిల్లవాడు పంతులుకి నష్టం సరుకే గదా! 1904లో కర్జన్ ప్రభుత్వం ఆ పద్ధతిని వదులుకోవాలని తీర్మానించింది. బుద్ధి మాత్రం పోలేదు.

2009 విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం అన్నది. ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ ఆపొద్దన్నది. 2019 సవరణతో 5, 8 తరగతుల్లో ఆపే వీలు మళ్లీ వచ్చింది. నేర్పనివాళ్లను వదిలి నేర్చుకోనివాళ్లను పట్టుకోవడం ఇది.

అయితే పరీక్ష తీసేసి అంతా పంతులు చేతిలో పెడదామంటే నాకు భయమే. రీమా హన్నా, లీ లిండెన్ మన దేశంలోనే పంతుళ్లతో జవాబు పత్రాలు దిద్దించి, 2012లో ఫలితాలు ప్రచురించారు. పత్రం మీద పిల్లల కులాన్ని లాటరీ వేసినట్టు మార్చి రాశారు. కింది కులం పడ్డ పత్రాలకు మార్కులు తగ్గాయి. కొద్దిగానే, కానీ తగ్గాయి. డిగ్రీలో నా రికార్డు పుస్తకం తెరవకుండానే “ఏ పేటరా మీది?” అనడిగి ఇంటర్నల్ మార్కులు వేసినాయన గుర్తొస్తాడు. పేరు లేని హాల్‌టికెట్ నెంబరే అప్పుడు నాకు దిక్కయింది.

కాబట్టి రెండూ కావాలి. రాసింది దిద్దేటప్పుడు పేరు కనపడొద్దు. పిల్ల ఎక్కడ మొదలై ఎక్కడికొచ్చిందో మాత్రం కాగితం మీదికి రావాలి. తప్పింది మళ్లీ నేర్చుకుని రాస్తే పాత మార్కు కొట్టేయాలి.

పోయినేడు కొన్నాళ్లు బడిలో పాఠం చెప్పాను. జూన్‌లో తన ఊరి పేరు రాయలేని పిల్ల డిసెంబరుకి వాళ్లమ్మ పత్తి తీసే పని గురించి అరపేజీ రాసింది. దీర్ఘాలు తప్పులే. నూటికి 29 వేశాను. రిజిస్టరులో ఒకటే గడి ఉంది.