ఈల ఖరీదెంత?

మదనపల్లె పక్కన మా ఊరి పేరే అంగళ్లు. అంగట్లో దేనికైనా బేరం ఉండొచ్చు గానీ, తక్కెడ పట్టిన చేతికి ఉండకూడదు కదండీ!

కురుసభలో ఏమైంది? ఆట ఆపవలసిన ధృతరాష్ట్రుడే గెలిచామా, గెలిచామా అని ఆత్రపడ్డాడు. తీర్పు చెప్పేవాడికి పందెంలో ఆశ పుడితే అంతే మరి.

2004 ఆగస్టులో జర్మనీలో అలాంటిదే జరిగింది. ఫుట్‌బాల్ కప్పు పోటీలో పాడర్‌బోర్న్ అనే చిన్న జట్టు మీద హాంబర్గ్ రెండు గోల్స్ ముందుంది. రెఫరీ రాబర్ట్ హోయ్‌జర్ పాడర్‌బోర్న్‌కి రెండు పెనాల్టీలిచ్చాడు, హాంబర్గ్ ఆటగాణ్ణొకణ్ణి బయటికి పంపాడు. చివరికి 4–2తో చిన్న జట్టే గెలిచింది! పందెగాళ్లు పదకొండుమందిని కొనక్కర్లేదు. ఈల ఒక్కటి కొంటే చాలు. ఇలాంటి ఆటలన్నిటికీ కలిపి అతగాడికి ముట్టింది సుమారు 67,000 యూరోలు, ఒక టీవీ. బయటపెట్టింది తోటి రెఫరీలే సుమండీ! 2005 నవంబరులో బెర్లిన్ కోర్టు రెండేళ్ల అయిదు నెలల శిక్ష వేసింది.

మన హైదరాబాదు సయ్యద్ షాహిద్ హకీం గారూ ఈల పట్టినవారే. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, 1988 ఆసియా కప్పులో రెఫరీగా నిలిచారు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు. 2021లో పోయారు.

మన రాష్ట్రం 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. చట్టం సరే, అసలు కాపలా నమ్మకానిది. వీధిలో పిల్లలు "నువ్వు చెప్పరా" అని ఒకణ్ణి నిలబెడతారే, వాడి మాట మీదే ఆటంతా నడుస్తుంది. ఆ మాట అమ్ముడుపోతే మిగిలేది ఆట కాదు, జూదం.